బహ్లాలో బార్లీ పీపా

నేను ఒమన్‌కు వెళ్ళింది హెల్పర్‌గా. కాగితాల మీద అలాగే రాసి ఉంది కాబట్టి, జగిత్యాల చుట్టుపక్కల ఊళ్ళలో ఐదేళ్ళు బోరింగులు బాగుచేసిన నా చేతికి బహ్లాలో పార, తట్ట దొరికాయి. డెబ్బైల చివరి సంవత్సరాలు అవి. ఊరికి కొంచెం ఎడంగా మా కంపెనీ ఒక బడి, దాని పక్కన టీచర్లకు క్వార్టర్లు కడుతోంది. కాంక్రీటు మోయడం, గుంతలు తవ్వడం నా డ్యూటీ. పైపుల పని జరిగేచోట రెండు నిమిషాలు నిలబడి చూస్తే చాలు, ఫోర్‌మన్ కేకలేసేవాడు.

ఒక గురువారం డ్యూటీ దిగే వేళకు ఇంజినీరు సాబ్ క్వార్టరులో వంటింటి కుళాయి ఊడిపోయి ఇల్లంతా నీళ్ళయ్యాయని డ్రైవర్ పరుగెత్తుకొచ్చాడు. ప్లంబర్లు ఇద్దరూ మస్కట్ పోయి ఉన్నారు. "నాకొస్తది, నేను జేస్త" అని నేనే వెళ్ళాను. వాషరు దొరక్కపోతే నా కాలి చెప్పు అంచు కోసి గుండ్రంగా చెక్కి వేశాను. నీళ్ళు ఆగాయి. సాబ్ నా చెప్పు వైపు, కుళాయి వైపు మార్చి మార్చి చూసి, "రేపు పొద్దున్న ఒకసారి రా. నీతో పని ఉంది" అన్నాడు.

సాబ్ ఇంగ్లాండు మనిషి. యాభై దాటాయి. చిన్నప్పుడు అస్సాంలో తేయాకు తోటల మధ్య పెరిగాడట, హిందీ బాగా వచ్చు. భార్యాపిల్లలు ఇంగ్లాండులోనే ఉండేవారు. ఇక్కడ ఒక్కడే.

మర్నాడు వెళ్ళేసరికి బల్ల మీద ఒక డ్రాయింగ్ పరిచి ఉంది. నాకు ఇంగ్లీషు చదవడం రాదు గాని బొమ్మ అర్థమైంది. ఒక పీపా, అడుగున జల్లెడలాంటిది, దాని కింద కుళాయి. పక్కన గోనెసంచి ఒకటి ఉంది. సాబ్ అందులోంచి గుప్పెడు గింజలు తీసి నా చేతిలో పోశాడు.

"బార్లీ. మొలకెత్తించి ఎండబెట్టింది. సెలవుకు వెళ్ళినప్పుడు తెచ్చుకున్నాను. దీంతో బీరు చేస్తాను. ఇన్నాళ్ళూ డబ్బాల్లో వచ్చే పాకంతో చేశాను, మందులా ఉంటుంది. ఈసారి గింజతో చేయాలి."

నేను గింజలు వాసన చూశాను. మా నాయనమ్మ తైదల్ని, అంటే రాగుల్ని, తడిపి మూటగట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, దోరగా వేయించి విసిరేది. ఇంట్లో పసిపిల్లలున్నప్పుడల్లా ఆ పిండితో జావ కాచేది. అచ్చం అదే వాసన. అంత దూరంలో, ఒక దొర వంటింట్లో ఆ వాసన రావడంతో నాకు నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నావని అడిగితే చెప్పాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, నాయనమ్మ ఎన్ని రోజులు మొలకెత్తించేది, నీడలో ఎండబెట్టేదా ఎండలోనా అని వరసగా అడిగాడు. నాకు తెలిసినంత చెప్పాను.

పని ఏమిటంటే, దంచిన బార్లీని వేడినీళ్ళలో గంటసేపు నానబెట్టాలి. అప్పుడు గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. నీళ్ళు మరగకూడదు, అలాగని చల్లారకూడదు. సాబ్ థర్మామీటరు ఫారన్‌హీట్ లెక్కలో నూట యాభై దగ్గర నిలబడాలి. గంట తర్వాత గింజ లోపలే ఉండిపోయి, తీపి నీళ్ళు మాత్రం కింది కుళాయిలోంచి రావాలి. ఆ నీళ్ళను చేదు పూలేవో వేసి మరిగించి, చల్లార్చి, పులియబెట్టే ఈస్ట్ కలిపితే కొన్నాళ్ళకు బీరవుతుంది. అంతా ఆ పీపాలోనే ఉంది. అది నేను కట్టాలి.

"కానీ ఇది నా గడప దాటకూడదు. క్యాంపులో ఎవరికీ ఒక్క చుక్క ఇవ్వను. నీకు ఇబ్బంది రానివ్వను" అన్నాడు. నాకూ ఆ భయం ఉంది. అయినా ఒప్పుకున్నాను. నెలల తరబడి పార పట్టిన చేతులు రెంచీ కోసం తహతహలాడుతున్నాయి.

మొదట తట్టింది మట్టి జాడీ. బహ్లా కుండలకు పేరున్న ఊరు. కుమ్మరుల వీధికి వెళ్ళి ఒక ముసలాయన ముందు కూర్చున్నాను. నాకు వచ్చిన అరబ్బీ పది మాటలు. పెద్ద జాడీ కావాలని చేతులు చాపి చూపించాను. "జైన్, జైన్" అన్నాడు, మంచిది అని. అడుగున బొటనవేలు పట్టేంత రంధ్రం కావాలని సైగ చేశాను. ఆయన చేతిలోని మట్టి పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"మాయ్?" అన్నాడు, నీళ్ళకా అని.

"మాయ్" అన్నాను.

నీళ్ళకు వాడే జాడీకి అడుగున చిల్లేమిటని ఆయన పక్కింటి కుమ్మరిని పిలిచి మరీ చెప్పాడు. ఇద్దరూ మోకాళ్ళు చరుచుకుంటూ నవ్వారు. అయినా వారం తిరక్కుండా చక్కటి జాడీ కాల్చి ఇచ్చాడు. చిల్లు ఎంత గుండ్రంగా ఉందంటే ఇత్తడి కుళాయి సరిగ్గా పట్టింది.

శుక్రవారం పొద్దున్నే వట్టి వేడినీళ్ళు పోసి పరీక్షించాం. సాబ్ దగ్గర ఉన్నది ఒక్క సంచి గింజ, దాన్ని పరీక్షలకు వాడేది లేదన్నాడు. గంట తర్వాత చూస్తే ముల్లు నూట ఇరవైకి దిగిపోయింది. మట్టి గోడ వేడినంతా తాగేసింది. కుళాయి కొంచెం బిగిద్దామని రెంచీ పెట్టి తిప్పానో లేదో, టప్పుమని జాడీ నిలువునా చీలి నీళ్ళన్నీ సాబ్ కాళ్ళ మీద పడ్డాయి. ఆయన ఎగిరి కుర్చీ మీదికెక్కాడు. తిడతాడనుకున్నాను. కుర్చీ మీద నిలబడే కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత ఆ పెంకుల్ని మందారం మొక్క చుట్టూ పాదుగా పాతాడు.

రెండోది నేను చేసిన తప్పు.

మా మెస్‌లో వంట చేసే పెద్దాయన నిజామాబాద్ దగ్గరివాడు. అందరం చాచా అనేవాళ్ళం. ఐదు పూటలా నమాజు చేసే మనిషి. రోజూ వండే అల్యూమినియం గిన్నెలు కంపెనీవి గాని, ఆయన సొంతానికి ఒక రాగి డేగ్, బిర్యానీ వండే పెద్ద గిన్నె, ఉండేది. లోపల కళాయి పూత మెరుస్తూ ఉండేది. ఊరి నుంచి సామానంతా ఒక చేత్తో, ఆ డేగ్ ఒక చేత్తో పట్టుకుని వచ్చాడని చెప్పుకునేవారు. పండుగలకే దాన్ని దించేవాడు. అందులో దమ్ పెట్టిన బిర్యానీ మూత తీసేసరికి గంట దాటినా చెయ్యి కాలేది. వేడి నిలపడం ఆ డేగ్‌కు తెలుసు, ఆ మనిషికి తెలుసు.

"చాచా, జర నీ డేగ్ ఇస్తవా? సాబ్‌కు బార్లీ జావ కాచాల్నట. గంటసేపు వేడి నిలవాల్నట" అన్నాను.

అబద్ధం కాదు, నిజమూ కాదు.

"సాబ్‌కు కడుపు మంచిగ లేదా ఏంది పాపం" అంటూ ఆయన వెంటనే దించాడు. ఊరికే ఇవ్వలేదు, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. "ఇను తమ్మీ. సల్లటి డేగ్‌ల వేడినీళ్లు పోస్తే సగం వేడి డేగే తింటది. ముందుగాల వట్టి వేడినీళ్లు పోసి డేగ్‌ను వెచ్చగ జెయ్యి. అవి పారబోసి అప్పుడు అసలుది పొయ్యి. సుట్టూ కంబలి సుట్టు. మూత అంచుకు పిండి మెత్తు. మల్ల మల్ల మూత తీసి సూడకు. సూసినకొద్ది ఆవిరి పోతది."

ఆయన చెప్పినట్టే చేశాం. గంట తర్వాత ముల్లు నూట నలభై ఏడు. సాబ్ రెండుసార్లు కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు. "ఇదే కావాలి! దీనికి కింద రంధ్రం వెయ్యి. ఇలాంటిదే ఇంకొకటి మస్కట్ నుంచి తెప్పించి ఇస్తాను. ఇంతకీ ఎవరిది?"

చెప్పాను.

"దేనికో ఆయనకు తెలుసా?"

తెలియదన్నాను. సాబ్ థర్మామీటరును డబ్బాలో పెట్టి మూత వేశాడు. "ఇప్పుడే తీసుకెళ్ళు. ఇచ్చేముందు దేనికో చెప్పు. అందులో వట్టి నీళ్ళే పోశామని కూడా చెప్పు. ఇది నేను ముందే అడగాల్సింది."

మెస్ వెనక చాచా ఉల్లిపాయలు తరుగుతున్నాడు. డేగ్ కింద పెట్టి, ఎదురుగా నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. కత్తి ఆగింది. నా మొహం వైపు చూడలేదు. లేచి డేగ్ తీసుకుని నీళ్ళ ట్యాంకు దగ్గరికి వెళ్ళాడు. తోమాడు, కడిగాడు, మళ్ళీ తోమాడు, మళ్ళీ కడిగాడు. ఏడుసార్లు కడిగాడు. నేను లెక్కపెడుతూ నిలబడే ఉన్నాను.

తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టడంలో మాత్రం తేడా లేదు. నా వంతు వస్తే గరిటెడు పప్పు అలాగే నిండుగా వేసేవాడు, చూపు మాత్రం నా వెనకవాడి మీద ఉండేది. ఆ నిండు గరిటె చూసి నాకు ఏడుపొచ్చినంత పనయ్యేది. సగం గరిటె వేసినా బాగుండేది.

నాలుగో రోజు సాయంత్రం బియ్యం ఏరుతున్న ఆయన పక్కన వెళ్ళి కూర్చుని నేనూ ఏరడం మొదలుపెట్టాను. చాలాసేపటికి ఆయనే అన్నాడు.

"నిజం జెప్పి అడగకపోయినవ్. గదే నాకు కష్టమైంది."

"అడిగితే ఇయ్యవని..."

"డేగ్ ఇయ్యకపోదును. అది నా ఈద్ పండుగ డేగ్. కని వేడి ఎట్ల నిలవాల్నో అడిగితే చెప్పకపోదునా? సాబ్ ఏం దాగుతడో అది సాబ్‌కూ ఖుదాకూ నడుమ. నువ్వు నాకు అబద్ధం చెప్పుడు మాత్రం నీకూ నాకూ నడుమ."

"తప్పయింది చాచా."

"అయింది. రాళ్లు మంచిగ ఏరు. నిన్న ఫోర్‌మన్ పంటి కింద పడ్డది."

అంతే. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. నేను మాత్రం ఆ తర్వాత ఆ క్యాంపులో ఉన్నన్నాళ్ళూ ఆయనకు ఏదీ దాచలేదు.

మూడోసారి నా కంటికి దొరికింది స్టోర్ వెనక చెత్తలో. సైట్‌లో తాగునీళ్ళు పెట్టే పెద్ద ప్లాస్టిక్ కూలర్. గుండ్రంగా, పీపాలా, గోడలు రెండు పొరలుగా ఉంటాయి. దాని మీద చెక్కలు పడి మూత పగిలింది, కుళాయి విరిగింది, అందుకని పారేశారు. ఐసు కరగకుండా ఆపే గోడ వేడినీ ఆపుతుంది కదా అనిపించింది. స్టోర్‌కీపర్‌ను అడిగితే, "తీసుకుపో, నాకు జాగా కలిసొస్తుంది" అన్నాడు. సాబ్ దాన్ని చూసి తన తల మీద తానే కొట్టుకున్నాడు. రోజూ సైట్‌లో అలాంటి వాటి నీళ్ళే తాగుతున్నాం.

వారం రోజులు డ్యూటీ అయ్యాక దాని మీద కూర్చున్నాను. ప్లాస్టిక్ కుళాయి వేడికి వంకర పోతుందని ఇత్తడిది బిగించాను. వాషర్లు మందపాటి రబ్బరుతో కోసి, వాసన పోయేదాకా మూడుసార్లు మరిగించాను. పగిలిన మూతకు బదులు రెండు చెక్క పలకలు కోసి, మధ్యలో పాత కంబలి ముక్క పెట్టి మేకులు కొట్టాను. అసలు పని అడుగున. అరంగుళం రాగిపైపు ముక్కలు నాలుగు మూలలు కలిపి చట్రంలా చేశాను. దానికి వేలెడంత దూరానికొకటి చొప్పున రంపంతో సన్నటి గాట్లు పెట్టాను. గింజ పట్టకూడదు, నీళ్ళు మాత్రం పట్టి లోపల్నుంచి కుళాయికి చేరాలి. మూలల్లో టంకం పెట్టమని సాబ్ అన్నాడు. "వద్దు సాబ్, టంకంలో సీసం ఉంటది. మా దిక్కు తాగేనీళ్ల పైపుకు పెట్టం" అన్నాను. బిగువుగా దూర్చి వదిలేశాను. కడగడానికి విప్పుకోవచ్చు కూడా. సాబ్ ఆ చట్రాన్ని వెలుతురులో పెట్టి చాలాసేపు తిప్పి చూశాడు. "నిన్ను హెల్పర్‌గా ఎవరు రాశారు?" అన్నాడు.

శుక్రవారం వచ్చింది. క్వార్టరు వెనక రేకుల షెడ్డు కింద పొయ్యి వెలిగించాం. బార్లీ విసిరే పని నాది. సాబ్ ఎప్పుడో బహ్లా సంతలో ముచ్చటపడి కొన్న తిరగలి ఉంది. "గింజ పగిలితే చాలు" అని ఆయన చెప్పాడు. నాకేమో ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదనిపించింది. మా నాయనమ్మ చూస్తే మెచ్చుకునేంత మెత్తగా విసిరాను.

చాచా చెప్పినట్టు ముందు వట్టి వేడినీళ్ళతో కూలర్‌ను వెచ్చబెట్టాం. తర్వాత బార్లీ, నీళ్ళు పోసి కలిపి, మూత పెట్టి కంబలి కప్పాం. ఎండ కూడా మాకు సాయమే. ఇంగ్లాండులో ఈ పని చేసేవాళ్ళు చలికి వేడి నిలవక అవస్థ పడతారని, ఇక్కడ గాలే సగం పొయ్యి అని సాబ్ సంబరపడ్డాడు. గంటకు ముల్లు నూట నలభై తొమ్మిది. ఇద్దరం చేతులు కలుపుకున్నాం. కుళాయి తిప్పాను.

గ్లాసెడు చిక్కటి నీళ్ళు వచ్చాయి. తర్వాత చుక్కలు. తర్వాత అవీ లేవు.

కుళాయి పూర్తిగా తిప్పాను. నోరు పెట్టి ఊదాను. పీల్చాను. లోపల పిండి రాగిపైపు గాట్లన్నిట్లో మైనంలా కూరుకుపోయింది. సాబ్ మొహం ఎర్రబడింది. సంచిలో సగం ఇందులోనే ఉంది. నేను తల వంచుకుని, "నేనే మెత్తగ విసిరిన సాబ్" అన్నాను. ఆయన కోప్పడలేదు. షెడ్డు గుంజకు ఆనుకుని కూర్చుండిపోయాడు. కోప్పడినా బాగుండేదనిపించింది.

అప్పుడే చాచా వచ్చాడు. మధ్యాహ్నం భోజనానికి నేను రాలేదని టిఫిన్ తెచ్చాడు. షెడ్డు బయటే ఆగి, "ఏమైంది, ఇద్దరి మొకాలు గట్లున్నయ్?" అన్నాడు. చెప్పాను. లోపలికి రాలేదు గాని మెడ చాపి చూశాడు. "గంజి వంపేటప్పుడు అన్నం రావద్దంటే ఏం జేస్తం? అడ్డం ఏమన్న పెడతం గద."

అడ్డం అనగానే నాకు మా ఊళ్ళో కల్లు గీసే గౌండ్లాయన కళ్ళ ముందు కనిపించాడు. ఈతచెట్టు మట్టల మధ్య జల్లెడలా అల్లుకున్న పీచు ఉంటుంది. దాన్ని లొట్టి కుండ మూతికి పెట్టి కల్లు వంపేవాడు, ఈగ గాని నలక గాని పడేది కాదు. చుట్టూ చూస్తే బహ్లా అంతా ఖర్జూరపు చెట్లే!

పరుగెత్తాను. ఫలజ్ కాలువ పక్కన తోటలో ఒక మనిషి చెట్టు మట్టలు నరుకుతున్నాడు. పీచు చూపించి కావాలని సైగ చేస్తే, ఒళ్ళు రుద్దుకోవడానికేమో అనుకుని చంకెడు ఇచ్చాడు. తెచ్చి దులిపి, కడిగి, పొయ్యి మీద పది నిమిషాలు మరిగించాను. ఇంతలో సాబ్ లేచి చొక్కా చేతులు పైకి మడిచి గింజనంతా బకెట్లలోకి తోడాడు. రాగి చట్రం విప్పి గాట్లు దువ్వి, మళ్ళీ బిగించి, మీద పీచు రెండు పొరలు పరిచి, గింజను మెల్లగా దించాం. ఇంకొన్ని వేడినీళ్ళు పోసి పావుగంట ఊరనిచ్చాం.

కుళాయి తిప్పింది సాబ్. మొదట మడ్డి వచ్చింది. తర్వాత మెల్లమెల్లగా తేరి, తేనె రంగులో సన్నటి ధార కట్టింది. ఆగలేదు. సాబ్ నోట్లోంచి అస్సామీలో ఏదో కేక వచ్చింది, చిన్నప్పటి మాట అయ్యుంటుంది. నన్ను పట్టుకుని గిర్రున తిప్పాడు. షెడ్డు బయట చాచా గడ్డం నిమురుకుంటూ నవ్వుతున్నాడు.

వాసన ఆయనదాకా వెళ్ళినట్టుంది. కొంచెంసేపటికి అడిగాడు. "ఇగ ఇది షరాబ్ అయిందా తమ్మీ?"

"కాలే చాచా. ఈస్ట్ పడితేనే అయితది. ఇది వట్టి తియ్య నీళ్లు."

ఆయన నా మాట నమ్మాడో లేదో, సాబ్ వైపు చూశాడు. సాబ్ లోపలికి వెళ్ళి, విప్పని ఈస్ట్ ప్యాకెట్టు తెచ్చి చాచా చేతిలో పెట్టాడు. "ఇది కలిపేది రేపు. ఇప్పుడు అందులో బార్లీ, నీళ్ళు తప్ప ఇంకేమీ లేదు. నా మాట."

చాచా ప్యాకెట్టు నాలుగు పక్కలా తిప్పి చూసి తిరిగి ఇచ్చాడు. "ఒక గిలాస్‌ల పొయ్యి" అన్నాడు నాతో. ఊదుకుంటూ ఒక గుటక వేశాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇంకో గుటక వేశాడు.

"ఇలాచీ తక్కువైంది" అన్నాడు.

వెళ్ళేటప్పుడు ఒక పెద్ద గిన్నెడు అడిగి పట్టుకెళ్ళాడు. ఆ సాయంత్రం మెస్‌లో అన్నంతోపాటు సూజీ హల్వా వచ్చింది. చక్కెర వేయలేదు, ఆ నీళ్ళనే పాకంలా దగ్గరికి మరిగించి, నెయ్యి, ఇలాచీ వేసి చేశాడు. గోధుమరంగులో, కాల్చిన వాసనతో ఉంది. జనం రెండోసారి, మూడోసారి వరసలో నిలబడ్డారు. ఏం కలిపావని అడిగిన ప్రతివాడికీ, "బార్లీ. సాబ్ ఇచ్చిండు" అని చెప్పాడు. ఒక్క మాట దాచలేదు. పీపాలో మిగిలిన గింజ పిప్పిని కుమ్మరి ముసలాయన మేకలు తిన్నాయి. చిల్లు జాడీ ఎలా ఉందని ఆయన అడిగితే పగిలిందని సైగ చేశాను. నేను అప్పుడే అనుకున్నానన్నట్టు తల ఊపాడు.

బీరు మూడు వారాలకు తయారైంది. సాబ్ తన ఇంట్లోనే కూర్చోబెట్టి నాకు ఒక గ్లాసు ఇచ్చాడు. నురగ బాగా వచ్చింది, రంగు బాగుంది. నోట్లో పోసుకుంటే చేదు. కల్లు పులుపుకు అలవాటైన నాలుక ఆ చేదులో దారి తెలియక తిరిగింది.

"ఎలా ఉంది?"

"మంచిగుంది సాబ్."

"నీ మొహం అలా చెప్పడం లేదే."

"హల్వానే మంచిగుండె సాబ్" అన్నాను. ఆయన నవ్వి, నా గ్లాసు కూడా తనే తాగేశాడు. ఇంగ్లాండు వదిలాక ఇంత మంచిది తాగలేదన్నాడు. ఆ మాట అన్నప్పుడు కిటికీలోంచి బయటికి చూశాడు.

ఆ తర్వాతి శనివారం పొద్దున్న సైట్‌లో ఆయన ఫోర్‌మన్‌ను పిలిచి, ఇవాళ్టి నుంచి ఇతను పైపుల పనిలో అన్నాడు. కాగితాల్లో హెల్పరని ఉందని ఫోర్‌మన్ అడ్డుపడ్డాడు. సాబ్ ఒక రాగిపైపు, రంపం నా ముందు పెట్టి, "కోసి కలుపు" అన్నాడు. అందరూ చుట్టూ నిలబడ్డారు. పైపును మోకాలికి ఆనించి కోసి, కొసలు నునుపు చేసి కలిపాను. నీళ్ళు పెట్టి చూశారు, కారలేదు. ఫోర్‌మన్ మూతి ముడుచుకుని నా పార తీసుకెళ్ళి వేరేవాడికిచ్చాడు.

కాగితాల్లో ప్లంబర్ అని మారడానికి ఇంకో ఎనిమిది నెలలు పట్టింది. అది మారిన రోజు చాచాకు చూపిస్తే, చదవడం రాకపోయినా కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ చూసి, జాగ్రత్తగా మడిచి నా జేబులో పెట్టాడు. "ఇగ సాబ్ మళ్ల ఎప్పుడు నానబెడ్తడట?" అన్నాడు. "ఈ శుక్రవారమే చాచా." "ఈస్ట్ పడకముందే గిన్నెడు తీసి పెట్టు. పోయినసారి క్రేన్ డ్రైవర్‌కు అందలేదని అలిగిండు."

శుక్రవారం నేను గింజను మరీ మెత్తగా విసరలేదు.